బదులు వద్దన్న మనిషి

నికొలాసా అతని చేతిలోని కాలి నాగలి లాక్కుని గట్టు అవతలికి విసిరేసింది.

"ఇంక నా చేలో అడుగు పెట్టావంటే కుక్కల్ని వదులుతా!"

ఎమెతెరియో వెళ్లి నాగలి తీసుకున్నాడు. కాలితో తొక్కి దున్నే ఆ కర్రకి అంటిన మట్టి తుడిచాడు.

"విత్తనపు దుంపలు ఎండలో ఉన్నాయమ్మా, కప్పుకో" అని మాత్రం చెప్పి కొండెక్కాడు.

అతనిది కొండకి అవతలి ఊరు. నికొలాసా మొగుడు సతుర్నీనో తగరం గనిలో కప్పు కూలి చనిపోయిన మరుసటి ఏడు, దుంపలు నాటే వేళకి ఇతను ఎక్కడినుంచో ఊడిపడ్డాడు. పొద్దు వాలేదాకా దున్నాడు, పెట్టింది తిన్నాడు, పోయాడు. అప్పట్నుంచీ ఏటా అంతే.

మా వైపు ఒకరి చేలో ఒకరు పని చేస్తే, ఆ పని వాళ్ల చేలో తీర్చాలి. కూలి మాటే ఉండదు. ఇతను మాత్రం ఒక్కసారీ తీర్చనివ్వలేదు.

"మీ నాట్లు ఎప్పుడయ్యా? నేనూ వస్తా" అని నికొలాసా అడిగితే, "అయిపోయాయమ్మా" అనేవాడు, ఎప్పుడడిగినా.

ఊరు ఊరుకుంటుందా?

"బదులు వద్దనేవాడు పొలమైనా అడుగుతాడు, పొలం గలదాన్నైనా అడుగుతాడు వదినా" అంది పక్కచేను తొమాసా, మొక్కజొన్న కల్లు ముంత అందిస్తూ. "ఇంతకీ నిన్నేది అడిగాడు?"

చేలో ఉన్నవాళ్లంతా విరగబడి నవ్వారు. నికొలాసా కొడుకు మాత్రం పార పడేసి ఇంటికెళ్లిపోయాడు. ఆమెకి తల కొట్టేసినట్టయింది. నాగలి విసిరింది అందుకే.

మరుసటి ఏడు అతను రాలేదు.

"పీడా వదిలింది" అంది నికొలాసా పైకి. సగం చేను బీడు పడింది.

చివరికి ఉన్ని బేరగాడు చెప్పాడు.

"ఎమెతెరియోనా? ఇంకెక్కడి ఎమెతెరియో! మంచు కురిసే రోజుల్లోనే దగ్గి దగ్గి పోయాడుగా."

చచ్చినవాడి పని బాకీ ఉంచుకుంటే నేల మొహం తిప్పుకుంటుందంటారు మా వాళ్లు. మర్నాడే నికొలాసా పార భుజాన వేసుకుని కొండ దాటింది.

ఎమెతెరియో భార్య బ్రిహిదా వాకిట్లో దుంపలు ఏరుతోంది. చుట్టూ పిల్లలు, వాళ్ల పిల్లలు.

"నా పేరు నికొలాసా. మీ ఆయనకి పని బాకీ ఉన్నానమ్మా. ఏ పొలం చెక్క తవ్వాలో చూపించు."

బ్రిహిదా పీట జరిపింది.

"ఆయనకి మట్టంటే పిచ్చి. కోడికంటే ముందు లేచేవాడు. పట్నంలో మా మేనమామ కొట్టు అప్పజెప్తానంటే వెళ్లి, 'అక్కడ దుంప మొలకెత్తే వాసన లేదే' అని మర్నాడే వచ్చేశాడు. మూటలు మోసే లామాలకి చెప్పినన్ని కబుర్లు నాకు చెప్పలేదు" అని నవ్వి, కళ్లు తుడుచుకుంది. "పిల్లల కోసం ఒళ్లు దాచుకోని మనిషి. కానీ మా చేను ఆగిపోయినా సరే, ముందు మీ చేనుకే పరిగెత్తేవాడు."

"నేను... కుక్కల్ని వదులుతానన్నాను అతని మీదికి."

"తెలుసు. 'కోపం తగ్గాక మళ్లీ వెళ్తా' అన్నాడు. నీకు చెప్పాలనే ఏటా బయల్దేరేవాడు. చెబితే దున్ననివ్వవని భయపడి, నోరు మూసుకుని తిరిగొచ్చేవాడు."

"ఏం చెప్పాలని?"

బ్రిహిదా దుంపల బుట్ట పక్కన పెట్టి, ఆమె చెయ్యి పట్టుకుంది.

"నువ్వు మాకేం బాకీ లేవమ్మా. మా కడగొట్టు పిల్ల పుట్టిన రోజు, నేను నొప్పులు పడుతున్నానని మా ఆయన గని పని వదిలి ఇంటికి పరిగెత్తుకొస్తే, ఆయన బదులు ఆ పూట గనిలోకి దిగింది నీ సతుర్నీనోనే."