నొప్పి పుట్టే చోటు

కుర్చీలోంచి లేవడానికి జ్ఞానయ్య రెండు చేతులూ బల్లకి ఆనించాడు. సగం లేచి ఆగిపోయాడు. మిగతా సగానికి నడుం ఒప్పుకోలేదు.

"కూర్చునే చెప్పండి, పర్లేదు," అంది డాక్టర్ సింధూర.

నందిగామలో ఆవిడ ఈమధ్యే ఆస్పత్రి పెట్టింది. వెన్ను నొప్పికైనా కీళ్ళ నొప్పికైనా, స్కానింగు తెర మీద చూసుకుంటూ సరిగ్గా కావలసిన చోటికే సూది దించుతుందని పేరు. పెనుగంచిప్రోలు నుంచి బస్సులో వచ్చాడు జ్ఞానయ్య. వెంట భార్య దేవమణి.

బయల్దేరేముందు బావమరిది ఫ్రాన్సిస్ భయపెట్టాడు. "వెన్నులో సూదంటే మాటలా బావా? ఏ నరానికో తగిలిందంటే జీవితాంతం మా అక్కే నిన్ను ఎత్తి కూర్చోబెట్టాలి."

పోనీ మానేద్దామంటే, జగ్గయ్యపేట డాక్టరు నడుముకి బెల్టు ఇచ్చి, దీంతో తగ్గకపోతే ఆపరేషనే అన్నాడు. చేలో మిరపకాయ ఎర్రబడుతోంది. ఇప్పుడు మంచమెక్కితే ఏడాది కష్టం చేలోనే ఎండిపోతుంది.

సింధూర ఎక్స్‌రేలు వెలుతురుకి పట్టి చూసింది.

"ఎముకలు బాగానే ఉన్నాయి జ్ఞానయ్య గారూ. నొప్పి ఎప్పుడొస్తోంది?"

"వంగితేనండి."

"మందు కొట్టే ట్యాంకు ఎత్తుకునేటప్పుడా?"

"అది చిన్నప్పట్నుంచీ అలవాటేనండి. దానికేం రాదు."

"మరి?"

జ్ఞానయ్య తలుపు వైపు చూశాడు. ఊరివాళ్ళెవరూ లేరు.

"బిందె ఎత్తితే. ఇల్లు ఊడిస్తే. అంట్లు తోమి పైకి లేస్తే."

సింధూర రాయడం ఆపింది. "అంట్లు ఎప్పట్నుంచి తోముతున్నారు?"

"కిందటేడు కోతలయినప్పట్నుంచీ." గొంతు బాగా తగ్గించాడు. "బయట తెలీదండి. తలుపేసుకుని చేస్తా. ఎవరన్నా తలుపు కొడితే చీపురు ఈవిడ చేతిలో పెడతా."

దేవమణి గోడ మీద కేలండరు వైపు తిరిగి కూర్చుంది.

సింధూర పెన్ను పక్కన పెట్టి లేచింది. తర్వాత గదిలో అటూ ఇటూ నడిపించి చూసింది. వంగమంది. లేవమంది. మంచం మీద పడుకోబెట్టి అక్కడా ఇక్కడా నొక్కింది. ఒకచోట నొక్కగానే పెద్ద కేక.

"నొప్పి తెలిసే చోటు ఒకటి, పుట్టే చోటు ఇంకోటి అవుతుంది ఒక్కోసారి," అంది. "అనుమానం ఉన్నచోట తిమ్మిరెక్కించే మందూ, వాపు తగ్గే మందూ కలిపి వేస్తా. నొప్పి పోయిందా, దొంగ దొరికినట్టే."

జ్ఞానయ్య సంతకం పెట్టాడు.

లోపలి గదిలో తెర మీద నలుపూ తెలుపూ మసగ్గా కదిలాయి. నర్సు దూదితో తుడిచింది. సూది పొడుగు చూసి జ్ఞానయ్య కళ్ళు మూసుకున్నాడు. దేవమణి చెయ్యి గట్టిగా పట్టుకుని యేసయ్యని తలుచుకున్నాడు. ఫ్రాన్సిస్ మాట గుర్తొచ్చి కాళ్ళ వేళ్ళు కదిపి చూసుకున్నాడు. కదిలాయి.

"అయిపోయింది," అంది సింధూర. "ఇంటికెళ్ళి మామూలు పనులన్నీ నెమ్మదిగా చేసి చూడండి. ఎలా ఉందో ఫోన్ చెయ్యండి."

సాయంత్రం తలుపేసి పరీక్ష మొదలుపెట్టారు. బిందె నిండింది, చంకెక్కింది, వంటింట్లోకి చేరింది. జ్ఞానయ్య ఊపిరి బిగబట్టాడు. నడుం కిమ్మనలేదు. ఇల్లు ఊడవడం అయింది. కిమ్మనలేదు. పీట వేసుకుని అంట్లన్నీ తోమి, ఏ గోడా పట్టుకోకుండా లేవడం కూడా అయింది. చిన్న కలుక్కు కూడా లేదు.

"ఎలా ఉందయ్యా?" అంది దేవమణి.

"హాయిగా ఉందే," అన్నాడు. ఏడుపొచ్చినంత పనైంది.

వారం తిరిగేసరికి బెల్టు అటకెక్కింది. జ్ఞానయ్య చేలోకి దిగాడు. మిరపకాయల బస్తా భుజానికెత్తుకుని గట్టు మీద నడిచి వస్తుంటే ఫ్రాన్సిస్ నోరు తెరుచుకుని చూశాడు.

"రేపే నేనూ వెళ్తా బావా. ట్రాక్టరు తోలి తోలి నాకూ నడుం పట్టేస్తోంది. ఇంతకీ ఆ సూది ఎక్కడేశారు?"

"నందిగామలో."

"ఊరు కాదు బావా. ఒంట్లో ఎక్కడ పొడిచారని."

జ్ఞానయ్య బస్తా దించాడు. చుట్టూ చూశాడు. కూలీలు దూరంగా ఉన్నారు.

"మీ అక్క కుడి మోకాల్లో," అన్నాడు.