ఇటలీ ఈగ

“ఈగ ఏది?”

పద్మనాభం అరుపుకి హాలంతా అదిరింది. గోడకున్న పటానికి భూతద్దం ఆనించి చూస్తున్న మ్యూజియం ఆవిడ ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. పటంలో రాతికుండీ నిండా గులాబీలు, తులిప్‌లు, వాటి కింద ఒక చిలక, రెండు పిచ్చుకలు. కుడివైపు కింది మూల మాత్రం ఖాళీ.

పక్కనున్న ట్రాయ్ ఊళ్ళో ఎవరో ముసలావిడ పోతే ఆ ఇంట్లో సామానంతా అమ్ముతున్నప్పుడు అతని భార్య రేణు మనసుపడి తెచ్చుకున్న పటం అది. “ఎవరింటిదో చెత్త మన కొత్తింటికెందుకు?” అని ఆనాడు ఈసడించినవాడు పద్మనాభమే. గృహప్రవేశానికి వచ్చిన స్నేహితుడొకడు “ఇది ఇటలీదిలా ఉందే” అన్నాడో లేదో, అప్పటికప్పుడు ఫొటో తీసి మ్యూజియంకి మెయిల్ కొట్టాడు. జవాబు రాగానే చెత్త కాస్తా ‘నా పెయింటింగ్’ అయి కూర్చుంది.

“ఫొటోలో ఈగ కనబడబట్టే ఇంత దూరం వచ్చాను. నేపుల్స్‌లో ఒక చిత్రకారుడు సంతకం బదులు ఆ మూల ఈగని వేసేవాడు. అది లేదు కాబట్టి ఇది ఇళ్ళ అలంకారం కోసం ఇటలీలో వేసిన మామూలు పటమే. ఎవరు వేశారో చెప్పలేను,” అంది ఆవిడ ఇంగ్లీషులో. భూతద్దం సంచీలో పడేసుకుని వెళ్ళిపోయింది.

ఆవిడ కారు మలుపు తిరగకముందే పద్మనాభం రేణు మీద విరుచుకుపడ్డాడు.

“నువ్వే తుడిచేశావు! స్ప్రే సీసా పట్టుకుని కనబడ్డదల్లా తోముతావుగా!”

“నేను దాన్ని ముట్టుకోలేదండీ. అసలు దానిమీద ఈగే లేదు.”

“అయితే ఫొటో అబద్ధం చెప్తోందా?” లాప్‌టాప్ ఆమె ముందుకు తోశాడు.

నిజమే. కుడిమూల నల్లటి ఈగ, పక్కన రెక్కలాంటిది కూడా. రేణు స్క్రీన్ మీదికి వంగి చూసింది. రోజూ కాఫీ తాగుతూ చూసే పటంలో ఈగ ఉన్న సంగతి తనకి తెలియలేదా? దుమ్ము దులుపుతుంటే గుడ్డ తగిలిందా? క్షణంసేపు తనని తనే అనుమానించుకుంది. అందుకే ఒళ్ళు ఇంకా మండింది.

“ఈ ఈగ గోల నాకెప్పుడైనా చెప్పారా? మీరైనా గోడ దగ్గరికెళ్ళి ఒక్కసారి చూశారా? స్క్రీన్ మీద జూమ్ చేసుకుని మురిసిపోయారు!”

“నీకు సర్‌ప్రైజ్ ఇద్దామనుకున్నాను! ఆఫీస్‌లో అందరికీ చెప్పేశాను. రేపు ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? నీకు దాని విలువ తెలిసి ఏడిస్తేగా!”

“విలువ తెలియకుండానే తెచ్చానా? చెత్త అన్నదెవరు?”

“తెచ్చావు, నాశనం చేశావు. పైగా అబద్ధమాడుతున్నావు!”

రేణు పెళ్ళయినప్పట్నుంచీ అతన్ని ‘మీరు’ అని తప్ప పిలిచి ఎరగదు.

“నువ్వు నన్ను అబద్ధాలకోరుని చేశావు. పటం పోతే పోనీ. నా మాట నమ్మని ఇంట్లో నేనుండను. మోరిస్‌విల్‌లో మా సుమతక్క దగ్గరికి టికెట్ బుక్ చేయి.”

“ఇప్పుడే చేస్తా. తప్పు ఒప్పుకునేదాకా మళ్ళీ రాకు!”

ఈ గొడవకి పూజ మధ్యలో ఆపి బయటికొచ్చింది నాగమల్లేశ్వరి. గృహప్రవేశానికని వచ్చి కొడుకు దగ్గరే ఉండిపోయిందావిడ.

“ఏమిట్రా ఆ అరుపులు? పక్కింటివాళ్ళు పోలీసుల్ని పిలుస్తారు!”

“మీరే చూడండి అత్తయ్యా,” రేణు ఏడుస్తూ లాప్‌టాప్ అటు తిప్పింది. “ఈ మూల నల్లగా ఉన్నదాన్ని నేను తుడిచేశానట! ఎంత చెప్పినా వినడు.”

ఆవిడ కళ్ళజోడు సవరించుకుని తేరిపార చూసింది. కొడుకు వైపు తిరిగింది.

“దాన్నెందుకురా ఆడిపోసుకుంటావు? తుడిచింది నేను.”

పద్మనాభం సోఫాలో కూలబడ్డాడు. “నువ్వా? ఎంత పని చేశావమ్మా! ఎందుకు తుడిచావు?”

“వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయారు, ఇంకెందుకని తడిగుడ్డతో తుడిచేశాను. దానికింత రాద్ధాంతమా?” అంటూ ఆవిడ కోడలి కళ్ళు తన కొంగుతో అద్దింది.

“ఆ దిష్టిచుక్క పెట్టింది కూడా నేనే కదరా!”