జవాబు చెప్పని పాఠం

లైబ్రేరియన్ కాంట్రాక్టు పొడిగించాలా వద్దా అన్నది ఈ ఒక్క క్లాసు చూసి తేలుస్తానని ముందే ఆమెతో చెప్పి, డీన్ వెనక బెంచీలో కూర్చున్నాడు.

ఆమె ఉపన్యాసం ఇవ్వలేదు. ‘భోజనం మధ్యలో నీళ్లు తాగితే అరగదు’ అని ఫోన్లలో తిరిగే మాటను బోర్డు మీద రాసి, దానికి ఆధారం వెతకమని విద్యార్థులను జట్లుగా విడదీసింది. కాసేపటికి గది సంతలా తయారైంది.

“మేడమ్, ఇది నమ్మొచ్చా?”

“నువ్వెందుకు నమ్మావు?”

“డాక్టరు రాశాడు కదా.”

“ఏ డాక్టరు?”

“ఒరేయ్, ఈయన పళ్ల డాక్టరురా,” అన్నాడు పక్కవాడు. అందరూ నవ్వారు.

డీన్ నవ్వలేదు. గడియారం చూసుకున్నాడు. జవాబు ఆమెకు నాలుక చివరిదాకా వచ్చింది. ఎటు వెతికినా దారి దొరికేలా నిన్నంతా కూర్చుని పుస్తకాలు సర్దింది తనే. అయినా దాన్ని పెదవి దాటనివ్వలేదు.

చివరికి, ఏడాదంతా నోరు విప్పని అమ్మాయి లేచి, ఆధారాలు ఒక్కొక్కటే చూపించి, ఆ మాట వట్టిదని తేల్చింది.

డీన్ ఆ అమ్మాయినే అడిగాడు. “ఇందులో మీ మేడమ్ చెప్పిందేంటమ్మా?”

“ఏమీ చెప్పలేదు సార్,” అంది ఆ పిల్ల, మొహం వెలిగిపోతుండగా. “అన్నీ మేమే కనుక్కున్నాం.”

డీన్ తలూపి, చేతిలోని పొడిగింపు కాగితం మీద అడ్డంగా గీత కొట్టేసి వెళ్లిపోయాడు.

“కరెక్టుగా చెప్పానా మేడమ్?” అని అడిగింది ఆ పిల్ల.

ఆ గంటలో అప్పటిదాకా ఆమె ఎవరికీ అవుననీ కాదనీ చెప్పలేదు.

“కరెక్టుగానే చెప్పావమ్మా,” అంది.