ఆగని గది

చేతిలో ఉన్నవి రెండే: ఏడాదిగా ఒక్క క్షణం ఆగని మెషిన్ల గది, ఏడాదిగా ఎవరూ పలకని పేరు. ఆ రెండిటితోనే ఫొటోల ఇంజనీరు హాల్లో చివరి వరసలో నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. వేదిక మీద పూలగుత్తి అందుకుంటున్నవాడు అతని బావమరిది.

కస్టమర్ల ఫొటోలను క్లౌడ్‌లో దాచే గది బావది. మెయిళ్లు దాచే గది బావమరిదిది. మెయిళ్లు వారానికోసారి ఆగిపోతాయి. బావమరిది చొక్కా చేతులు మడిచి పరిగెత్తుతాడు, గంటలో బాగుచేస్తాడు.

"ఇతను లేకపోతే మన పని గోవిందా!" అన్నాడు బాస్ మైకులో.

ఫోన్‌లో భార్య మెసేజ్: "తమ్ముడి ఫొటో చూశాను. మీరెక్కడా కనబడరేం?"

ఫోన్ జేబులో కుక్కాడు. పడిపోనిదాన్ని నిలబెట్టాడని ఎవరు మెచ్చుకుంటారు? ఒక్కసారి పడితే కదా, తను లేపేది!

తన గదికెళ్లి ఒక మెషిన్ ఆపాడు. ఫోన్ మోగలేదు. ప్రతి ఫొటోకీ రెండో కాపీ వెనక వరసలో పెట్టింది తనే మరి. ఇంకోటి ఆపాడు. కసికొద్దీ ముందు వరసంతా ఆపేశాడు. కస్టమర్లు హాయిగా ఫొటోలు చూసుకుంటూనే ఉన్నారు.

వెనక వరస మీద చెయ్యి వేయబోతుంటే బాస్ గొంతు వినబడింది.

"ఏమయ్యా, సగం ఆపేశావేం?"

"ప... పరీక్షిస్తున్నాను సార్."

"కంప్లయింట్లు?"

"ఒక్కటీ లేదు సార్."

"అయితే ఈ సగం దండగేనన్నమాట!"

"దండగ కాదు సార్, ఒకటి పోతే ఇంకోటి..."

"ఇన్నాళ్లలో ఏం పోయిందయ్యా? పాపం, నీ బావమరిది ఒక్క కాపీతో నెట్టుకొస్తున్నాడు. ఇవి అతని గదికి పంపించెయ్."

ఆ నెలలో ఫొటోలు వారం వారం ఆగిపోయాయి. ఆగినప్పుడల్లా బావ చొక్కా చేతులు మడిచి పరిగెత్తాడు. మెయిళ్లు మాత్రం ఒక్కసారీ ఆగలేదు.

నెలాఖరున బావ వేదిక దిగేసరికి లెక్క తేలింది: ఒక చేతిలో పూలగుత్తి, రెండో చేతిలో అప్పుడే మళ్లీ మోగుతున్న ఫోను.

కొట్టీ కొట్టనట్టు చప్పట్లు కొట్టి బావమరిది దగ్గరికొచ్చాడు.

"మీ ఫొటో చూసి అక్క ఒకటే మురిసిపోతోంది బావా," అన్నాడు పళ్లు బిగించి. తర్వాత అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఆ రోజు మీ గదిలో మెషిన్లు ఆపారటగా... ముందు ఏ స్విచ్ నొక్కారేంటి?"