చూపు పడిన చోటు

"నేను చూసిన చోటే మసగ్గా ఉందే," అంది అమ్మ, మూడోసారి.

నాకు ఒళ్లు మండింది. కళ్లకు హెడ్‌సెట్ పెట్టుకుని, నేను కంప్యూటర్‌లో కట్టిన ఇంట్లో హాయిగా తిరగాలి. ఇల్లంతా ఒకేసారి స్పష్టంగా గీయబోతే కంప్యూటర్ నత్తనడక నడుస్తుంది. అందుకే చూపు పడిన చోటు మాత్రమే స్పష్టంగా గీయించి, చుట్టూ మసగ్గా వదిలేశాను. అమ్మేమో సరిగ్గా తిరగేసి చెబుతోంది.

ముప్పై ఏళ్లు బట్టలు కుట్టిన మనిషి. కుట్టు వెంట్రుకవాసి పక్కకు జరిగినా పట్టేసేది. ఆ కళ్లను నమ్మి వారమంతా ప్రోగ్రాం కెలికాను. ఆఫీసులో అందరికీ బాగానే ఉంది. అమ్మది మాత్రం అదే పాట. పైగా అలిగినదానిలా, నాతో మాట్లాడేటప్పుడు నా చెవి వైపు చూస్తుంది.

"నా పనికి వంకలు పెట్టడమే నీ పనా? తియ్యి!" అంటూ హెడ్‌సెట్ లాగేశాను.

అమ్మ సూటిగా నా మొహంలోకి చూసింది.

"తీసినా అంతేనే. ఇలా చూస్తే నీ మొహం ఉండదు."

చూపు మెల్లగా నా చెవి వైపు జరిపింది.

"ఇదిగో, ఇప్పుడు కనిపిస్తున్నావు."