అరవై తొమ్మిది

డెబ్బై వస్తే పాసు. అతనికి మొదటిసారి అరవై ఆరు, రెండోసారి అరవై తొమ్మిది వచ్చాయి. ఇది మూడోసారి. ఇంతకు మించి కంపెనీ పంపదు.

ఆయిల్ ట్యాంకులకు తుప్పు ఎంత పట్టిందో కొలిచే పని అతనిది. పంతొమ్మిదేళ్ల సర్వీసు. యార్డులో అందరూ తుప్పు మాస్టారు అని పిలుస్తారు. అయితే కొలవడం వరకే అతని పని. ట్యాంకు బాగానే ఉందని సంతకం పెట్టాలంటే ఇన్‌స్పెక్టరు లైసెన్సు ఉండాలి. ఆ లైసెన్సు కోసమే ఈ పరీక్ష.

ఏడో నంబరు ట్యాంకును ఈ నెలాఖరులోగా తనిఖీ చేయించాలని ఆరు నెలల కిందటే పైనుంచి నోటీసు వచ్చింది. బయటి ఇన్‌స్పెక్టరును పిలిస్తే ట్యాంకు ఖాళీ చేయించి లోపలికి దిగుతాడు. రెండు నెలలు పని ఆగిపోతుంది. అందుకని సొంత మనిషి ఒకడు పాసై తీరాలని మేనేజరు పట్టుబట్టాడు. ట్యాంకు బాగానే ఉందని రిపోర్టు కూడా ముందే టైపు చేయించి సొరుగులో పెట్టుకున్నాడు. అందులో సంతకం, లైసెన్సు నంబరు మాత్రమే ఖాళీ.

ఒకసారి లోపలికి దిగి అడుగు రేకు చూస్తే మంచిదని మాస్టారు రెండుసార్లు చెప్పి చూశాడు.

"ముందు పాసవ్వవయ్యా. సలహాలు తర్వాత" అన్నాడు మేనేజరు.

అరవై ఆరు వచ్చినప్పుడు మేనేజరు పెదవి విరిచాడు. ఈయన వల్ల అయ్యేలా లేదు, ల్యాబ్ ఇన్‌ఛార్జిని పంపుదామా అన్నాడట. ఆ మాట చెవిన పడ్డ రోజు మాస్టారు కంచం ముందు కూర్చున్నవాడు ముద్ద ముట్టకుండానే లేచిపోయాడు. మర్నాటి నుంచి పుస్తకం వదల్లేదు. రెండోసారి అరవై తొమ్మిది వచ్చేసరికి మేనేజరు మెత్తబడ్డాడు. ఒక్క మార్కే కదా, ఇంకెవరినీ పంపేది లేదు, ఈసారి కొట్టేస్తావులే అని భుజం తట్టాడు. మాస్టారు నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

భార్య ఇంట్లో బట్టలు కుడుతుంది. మిషను మీద పుస్తకం తెరిచి పెట్టుకుని, కాలు తొక్కుతూనే ప్రశ్నలు అడిగేది. మొదట్లో అందులోని మాటలకు ఆమె నోరు తిరిగేది కాదు. ఇప్పుడు సగం ఆమెకూ వచ్చేశాయి. ట్యాంకు అడుగు రేకు కనీసం రెండున్నర మిల్లీమీటర్లయినా మిగిలుండాలని చదివి ఆశ్చర్యపోయింది. తను కుట్టు పక్కన వదిలే అంచు వెడల్పే అంతకు నాలుగింతలు ఉంటుంది. అంత పల్చటి రేకు అంత నూనె మోస్తుందా అని అడిగింది. అంతవరకు మోస్తుంది, ఆపైన తరిగితేనే చెప్పలేమన్నాడు.

నెల తిరిగేసరికి మనిషి సగమయ్యాడు. బెల్టుకు కొత్తగా రెండు బెజ్జాలు పడ్డాయి. ఏడాదికి ఎంత తరుగు, ఇంకెన్నేళ్ల ఆయుష్షు అని స్నానాల గదిలో కూడా లెక్కలు వినపడేవి. ఒక్క జవాబు తడబడినా నుదుటికి చెమట పట్టేది. పోతే పోయింది వెధవ లైసెన్సు, ఇంత భయం దేనికని భార్య అంటే, పెళ్లయ్యాక మొదటిసారి ఆమె మీద గొంతు పెంచాడు. కాసేపాగి వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఈసారి తేడా వస్తే నేను తట్టుకోలేనే" అన్నాడు.

బామ్మర్దికి ఇదంతా తమాషాగా ఉండేది. అతను ఏడో నంబరు పక్కనే ఉన్న పంపుల గదిలో ఆపరేటరు. షిఫ్టుకు ఆరుగురు. మూడోసారి కూడా తప్పితే వాళ్ల మధ్య తలెత్తుకోలేనని, అప్పుడు బావ కాదు, ఎవరో దూరపు చుట్టమని చెప్పుకుంటానని ఏడిపించేవాడు.  మాస్టారు అతని కంచంలో ఇంకాస్త వడ్డించమని భార్యకు సైగ చేసేవాడు.

పరీక్ష మధ్యాహ్నం. కంప్యూటరు ముందు నాలుగు గంటలు. వంద ప్రశ్నలూ రెండు గంటల్లో అయిపోయాయి. మిగతా రెండు గంటలూ అతను కుర్చీలోంచి కదల్లేదు. వెనక్కి వెళ్లి ఒక జవాబు మార్చాడు. వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. ఇంకొకటి మార్చాడు. పర్యవేక్షకుడు దగ్గరికొచ్చి మంచినీళ్లు కావాలా అని అడిగాడు.

మూడో రోజు మేనేజరు గదిలో ఫలితం చూశాడు. అరవై తొమ్మిది.

నెలాఖరుకు నాలుగు రోజులే ఉంది. ఇంకొకరిని పంపే వ్యవధి లేదు. మేనేజరు పళ్లు కొరుక్కుంటూ ఫోను తీసి బయటి ఇన్‌స్పెక్టరుకు కబురు పెట్టాడు. ఫోను పెట్టేశాక, రేపటి నుంచి కొలతల పనిలోకి రావద్దని, రంగులు గీకే గ్యాంగులో చేరమని మాస్టారుకు చెప్పాడు. నిన్నటిదాకా అతను పని పురమాయించిన గ్యాంగు అది.

సాయంత్రం బామ్మర్ది వచ్చాడు. ఏడో నంబరు ఖాళీ చేయడం మొదలైందట. పంపుల గదికి తాళం వేసి ఆరుగురినీ వెనక యార్డుకు మార్చారట. నీ పుణ్యమా అని రోజూ రెండు మైళ్లు నడక తగిలింది బావా అని విసుక్కుని, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

భార్య ఏడవలేదు. పుస్తకం తీసి ఎక్కడో ఒక పేజీ తెరిచి అడిగింది. మాస్టారు చెప్పాడు. ఇంకో పేజీ తిప్పింది. చెప్పాడు. చివరి పేజీల్లోంచి బాగా కష్టమైన లెక్క ఒకటి ఏరి అడిగింది. కాగితం కూడా తీసుకోకుండా చెప్పాడు.

ఆమె పుస్తకం మూసేసింది.

"అన్నీ వచ్చు కదండీ. మరి ఎలా తప్పారు?"

"వందకు వందా తెలిస్తేనే కదే, సరిగ్గా అరవై తొమ్మిది తెచ్చుకోగలిగేది" అన్నాడు మాస్టారు.