రావమ్మ మొగుడి గురించి మూడు నిమిషాలు

“ఆపండి!” జ్యోతిర్మయి టేబుల్ మీద స్కేలుతో కొట్టింది. “మాట్లాడమంటే అరుస్తారేంటండీ? కింద హోల్‌సేల్ షాపువాళ్ళు మళ్ళీ పైకొచ్చి, ఏం కొట్లాటని అడుగుతారు.”

వెంకటప్పయ్య మైకు పట్టుకుని రొప్పుతూ నిలబడ్డాడు. డెబ్బై దాటిన మనిషి. గవర్నర్‌పేటలోని ఆ పబ్లిక్ స్పీకింగ్ క్లాసులో మిగిలినవాళ్ళంతా ఇంటర్వ్యూలకు తయారయ్యే కుర్రకారు. ఆయనొక్కడే కంకిపాడు నుంచి బస్సెక్కి వస్తాడు. చేరేటప్పుడు ఫారంలో, ఎందుకు నేర్చుకోవాలనుకుంటున్నారు అన్నచోట ‘సంస్మరణ సభలో మూడు నిమిషాలు మాట్లాడాలి’ అని రాశాడు.

క్లాసు నడిపే జ్యోతిర్మయి, పాపం పెద్దాయన అనుకుని చేర్చుకుంది. తీరా నోరు తెరిస్తే అన్నీ తిట్లే. “రావమ్మ మొగుడంత నికృష్టుడు మా ఊళ్ళో ఇంకోడు లేడు” అని మొదలుపెడతాడు. అక్కణ్ణుంచి గొంతు లేస్తుంది, దగ్గొస్తుంది, మాట ఆగిపోతుంది. మూడు వారాలుగా ఇదే వరస.

“సంస్మరణ సభలో నాలుగు మంచి మాటలు చెప్పాలండీ.”

“లేని మంచి ఎక్కణ్ణుంచి తేనమ్మా?”

“అందరూ చెప్పేదే మీరూ చెప్పండి.”

“అదేగా నా మంట! మనవైపు సంగతి మీకు తెలీదా? ఫ్లెక్సీ కట్టి, ఫొటోకి దండేసి, మైకు పెట్టగానే ఎంత దుర్మార్గుడైనా అజాతశత్రువైపోతాడు. చీమకైనా హాని చెయ్యని మనిషంటారు. అదంతా రావమ్మ ముందు వరసలో కూర్చుని వినాలి. పైగా తలూపాలి. నేనొప్పుకోను!”

రావమ్మ ఈయన చెల్లెలై ఉంటుందని జ్యోతిర్మయి తీర్మానించుకుంది. బావగారి మీద అన్నగారి కోపం. ఎక్కడైనా ఉండేదే.

“అంత ఘోరం ఏం చేశాడండీ?”

ఆయన చేతిలోని మైకు కేసి చూశాడు. “పద్దెనిమిదేళ్ళ కిందట డ్వాక్రా సంఘాల మీటింగు పెట్టారు. రావమ్మ లీడరు. స్టేజీ ఎక్కి మాట్లాడమన్నారు. వారం రోజులు పేడకళ్ళెత్తుతూ, అంట్లు తోముతూ బట్టీ పట్టింది. ‘అందరికీ నమస్కారం’ అంది. అంతే, మొగుడు స్టేజీ ఎక్కి మైకు లాక్కున్నాడు. ‘ఇంట్లో కూడు వండే దిక్కు లేదుగానీ ఇక్కడ ఉపన్యాసాలా, దిగు’ అన్నాడు. మూడొందలమంది చూశారు. కొందరు నవ్వారు. ఆ రోజు నుంచీ ఆవిడ నలుగురిలో నోరెత్తలేదు.”

“ఛీ, ఏం మనిషండీ!” అంది వెనక బెంచీలోంచి కీర్తన.

జ్యోతిర్మయికి ఒళ్ళు మండింది. ఆ మొగుడి మీద ఎంతో, ఈయన మీదా అంతే.

“మీరప్పుడు అక్కడే ఉన్నారా?”

“ఉన్నాను.”

“ఉండి ఏం చేశారు?”

ఆయన తల దించుకున్నాడు.

“పద్దెనిమిదేళ్ళు నోరు మూసుకుని, ఇప్పుడు సభలో తిడతారా? తిరిగి జవాబు చెప్పలేనివాణ్ణి తిట్టడం పిరికితనమండీ. బతికుండగా అనలేకపోయారా ఈ మాట?”

“పిరికితనమేనమ్మా. ఎన్నిసార్లు చెబుదామనుకున్నానో. రావమ్మ మొహం చూస్తే నోరు పెగలదు. అరవడమేగానీ మాట్లాడటం రాని బతుకు. అందుకే మీ దగ్గరికొచ్చాను.”

“ఆవిడ ఒక్కరికే చెప్పుకుంటే సరిపోదా?”

“పదిమందిలో జరిగింది పదిమందిలోనే చెప్పాలి.”

ఆ మాట నిజమేననిపించింది జ్యోతిర్మయికి. కోపం మాత్రం దిగలేదు. “అయితే సరిగ్గా నేర్చుకోండి. తిట్లొద్దు. జరిగింది జరిగినట్టు చెప్పండి. ఒక్కో వాక్యం తర్వాత ఊపిరి తీసుకోండి. ఇంకో సంగతి, ఇన్నాళ్ళుగా చూస్తున్నా, ఆ మనిషి పేరు దగ్గరకొచ్చేసరికి తప్పించుకుంటున్నారు. పేరు చెప్పకపోతే మీరు చెప్పినదంతా గాలికి పోతుంది. చివర్లోనైనా చెప్పి తీరాలి.”

“చెబుతాను.”

మరో రెండు వారాలు ఆయన బస్సు తప్పలేదు, ఆమె కసురుకోవడం మానలేదు. ఆఖరి రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి ఫోను చేతికిచ్చాడు.

“వీడియో తియ్యండమ్మా. సభలో మా మేనల్లుడు తెర మీద వేస్తాడు.”

“వీడియో ఎందుకు? ఇంత నేర్చుకుని, మీరే మాట్లాడొచ్చుగా!”

“ఆ రోజు నాకు కుదరదు.”

“సభ ఎప్పుడసలు?”

“తేదీ మన చేతిలో ఉందా?”

మళ్ళీ తప్పించుకుంటున్నాడు! ఆడకూతురు ముందు వరసలో ఒంటరిగా కూర్చోవాలి, ఈ పెద్దమనిషి మాత్రం తెర మీద బొమ్మలా కనిపిస్తాడట. నాలుగు మాటలు దులిపేద్దామనుకుంది. పిల్లలంతా చూస్తున్నారని పళ్ళు బిగపట్టి ఫోను స్టాండుకి తగిలించింది.

“ఊఁ, కానివ్వండి.”

“అందరికీ నమస్కారం,” అన్నాడు వెంకటప్పయ్య. ఊపిరి తీసుకున్నాడు. “ఈ మాట దగ్గర ఆగిపోయిన ఉపన్యాసం ఒకటుంది.”

గొంతు లేవలేదు. డ్వాక్రా మీటింగు, లాక్కున్న మైకు, ‘దిగు’ అన్న మాట, నవ్విన జనం, ఒక్కటీ వదలకుండా చెప్పాడు. మధ్యలో దగ్గొస్తే ఆగి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ అందుకున్నాడు.

“ఇప్పటిదాకా ఇక్కడ మాట్లాడినవాళ్ళు ఆ మనిషి మంచివాడన్నారు. అబద్ధం. తప్పని తెలిసి కూడా ఒక్కనాడూ ఒప్పుకోనివాడు మంచివాడెట్లా అవుతాడు? నా తర్వాత మైకు రావమ్మకి ఇవ్వండి. ఆ రోజు చెప్పాలనుకున్నది ఇవాళ చెబుతుంది. ఎవరూ నవ్వకండి.”

రెండు నిమిషాల యాభై సెకన్లయింది. పేరు, పేరు అని జ్యోతిర్మయి విసురుగా సైగ చేసింది.

ఆయన చేతులు జోడించి కెమెరా కేసి సూటిగా చూశాడు.

“ఆ మనిషి పేరు వెంకటప్పయ్య.”